బెల్టు తెగిన మధ్యాహ్నం

ఒకానొక మధ్యాహ్నం ఊరు ఊరంతా నవ్వింది. కారణం లేకుండా, పాత కక్షలు మరిచిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. కోర్టులో జడ్జిగారు నవ్వారు, బోనులో ముద్దాయి నవ్వాడు, విడాకులకు వచ్చిన ఆలుమగలు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నవ్వారు. కాకులు వెనక్కి ఎగిరాయి. ఇంత పనీ చేసినవాడు ఒక్కడే ఒక్కడు, బట్టీ బాబాయి.

సరే, ఊరంతా కాదు. బట్టీ వెనక వీధి. అందులోనూ నవ్వినవాళ్లు ఇద్దరే, వాళ్లు మామూలు రోజుల్లోనూ నవ్వుతూనే ఉంటారు. మిగతావాళ్లు దగ్గారు, కళ్లు నులుముకున్నారు, తలుపులు బిడాయించుకుని మునిసిపాలిటీని తిట్టిపోశారు. జడ్జిగారు ఆ రోజు సెలవు. కాకుల సంగతి మాత్రం అలాగే ఉండనివ్వండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

బాబాయి మునిసిపాలిటీ చెత్త బట్టీలో మంట చూసే మనిషి. బాబాయి అనడం ఎవరు మొదలుపెట్టారో గానీ, అతని కంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఆస్పత్రుల నుంచి వచ్చే నెత్తుటి దూది, గడువు దాటిన మందులు, రోడ్డు మీద చచ్చిన కుక్కలు, అన్నీ అతని చేతుల మీదుగానే బూడిదయ్యేవి. పోలీసులు పట్టుకున్న గంజాయి గోదాములో పేరుకుపోయినప్పుడు, కోర్టు సరేనన్నాక, ఆ మూటలు కూడా లారీలో అక్కడికే వచ్చేవి.

బట్టీ అంటే పెద్ద మాయేమీ కాదు. ఇటుకల గది, ఇనప తలుపు, పొడుగాటి పొగగొట్టం, కింద గాలి కొట్టే ఫ్యాను. ఆ ఫ్యానే దాని ఊపిరి. గాలి సరిగ్గా అందితే పొగ గొట్టంలోనే కాలిపోయి, పైన వేడి తప్ప ఏమీ కనపడదు. గాలి తగ్గిందా, పొగ తెల్లగా, బద్ధకంగా లేచి, పైకి పోవడం ఇష్టం లేనట్టు చుట్టుపక్కల ఇళ్ల మీద చతికిలబడుతుంది.

గంజాయి కాల్చిన రోజున బట్టీలోంచి ఎవరూ ఉన్నపళంగా ఇంటికి పోకూడదు. ఒంటి మీది బట్టలు అక్కడే విప్పి పడేసి, కుళాయి కింద స్నానం చేసి, కానిస్టేబులు ముందు చేతులు చాచి నిలబడాలి. అతను జుట్టు, నోరు, గోళ్లు, చెవుల వెనక, అన్నీ చూస్తాడు. స్కూల్లో కాన్వెంటు సిస్టర్లు ప్రార్థనకు ముందు పిల్లల చేతులు తిరగేసి చూసేవారే, అచ్చం అలాగే. చేతిలో స్కేలు లేదంతే. బాబాయికి ముందు మంట చూసిన మనిషి టిఫిన్ డబ్బా మూతకి కాస్త ఆకుపొడి అంటుకుని కనపడింది. ముందు ఉద్యోగం ఊడింది, తరవాత పరువు ఊడింది, ఆ తరవాత మనిషే ఊళ్లోంచి ఊడిపోయాడు. అది కళ్లారా చూసినవాడు కాబట్టి బాబాయి గోళ్లు బ్రష్షుతో తోముకునేవాడు. ఇంటికెళ్లాక మళ్లీ తోముకునేవాడు.

"తోమండి, తోమండి. వేళ్లు అరిగిపోతే ముద్దలు కలిపి పెట్టడానికి నేనున్నాగా!" అని భార్య వెక్కిరించేది.

ఆవిడ మంచం పట్టకముందు మాట అది. నడుము నొప్పి అని మొదలైంది. చివరికి క్యాన్సరు ఎముకల్లోకి పాకిందన్నారు, చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇచ్చిన మాత్రలు కొన్నాళ్లు పనిచేసి మానేశాయి. బట్టీ గోడ వెనకే మునిసిపాలిటీ వాళ్ల క్వార్టర్సు. మంట దగ్గర నిలబడితే బాబాయికి ఒక చెవిలో ఫ్యాను హోరు, రెండో చెవిలో భార్య మూలుగు. ఫ్యాను ఆపితే రెండోదే మిగిలేది. అందుకని అవసరం లేకపోయినా దాన్ని కాసేపు తిరగనిచ్చేవాడు.

ఆ ఫ్యాను బెల్టు పీచులు లేచిన సంగతి అతను ముందే చూశాడు. ఇంకో లోడుకు ఆగుతుందిలే అనుకున్నాడు. వానకు తడిసిన గంజాయి మూటలు సగం లోపలికి వేశాక, అధికారులు భోజనానికి వెళ్లిన వేళ, అది ఫట్‌మని తెగింది. పొగ ఒక్కసారి తలుపు సందుల్లోంచి కూడా కక్కింది. బాబాయి మూలన పడి ఉన్న పాత బెల్టు వెతికి, వేళ్లు కాలుతుండగా దాన్ని ఎక్కించేసరికి పొగ గోడ దాటి వీధిలోకి దిగిపోయింది. అదే ఊరంతా నవ్విన మధ్యాహ్నం.

అధికారులు తిరిగొచ్చి, "ఏమయ్యా, ఫ్యాను ఆగిందా?" అన్నారు.

"లేదండి. మూటలు తడి."

"బెల్టు బాగానే ఉందా?"

"ఉక్కులా ఉందండి."

సాయంత్రం స్నానం, తనిఖీ అయ్యి ఇంటికి వెళితే, కొడుకు గుమ్మంలో వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు వాడు.

"అమ్మ నిద్రపోతోంది నాన్నా. కడుపు నిండా తిని మరీ పడుకుంది. మధ్యాహ్నం నుంచీ ఒక్క మూలుగు లేదు."

"అలిసిపోయి ఉంటుంది."

"కిటికీ తెరిచే ఉంది. పొగంతా గదిలోకే వచ్చింది." వాడు గొంతు తగ్గించి, "బెల్టు తెగిందా?" అన్నాడు.

"నీకెవడు చెప్పాడు?"

"చెప్పాలా? ఫ్యాను చప్పుడు ఆగింది. నేను చేసేదీ బెల్టుల పనే కదా."

"ఏ బెల్టూ తెగలేదు. ఎక్కడా అనకు."

పొగకూ నిద్రకూ సంబంధం లేదనీ, గాలికి చెదిరి వచ్చిన పొగ అంత పని చెయ్యదనీ, కాకతాళీయమనీ డాక్టరు తరవాత చెప్పాడు. నిజమే కావచ్చు. కానీ కొడుకు చూసింది వైద్యశాస్త్రాన్ని కాదు, చాన్నాళ్ల తరవాత ముడి విప్పుకున్న తల్లి కనుబొమల్ని.

కొన్ని వారాలు పోయాక, గంజాయి కాల్చని రోజున, బాబాయి ఇంట్లో అడుగుపెట్టగానే ఆ వాసన తగిలింది. ముందు తన చేతులు చూసుకున్నాడు. చొక్కా ఎత్తి వాసన చూసుకున్నాడు. తనలో లేదు. కర్టెనులో ఉంది, మంచం దుప్పట్లో ఉంది. మంచం కింద రేకు డబ్బాలో గుప్పెడు పొట్లం ఉంది.

"ఏంట్రా ఇది?"

"నెమ్మదిగా, నాన్నా. ఇప్పుడే కళ్లు మూసింది."

"ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"దొరికే చోటు నుంచే. నీ బట్టీలోంచి మాత్రం కాదులే, భయపడకు."

"నేను అనుకోను. వాళ్లనుకుంటారు కదరా! మంట చూసేవాడి ఇంట్లో గంజాయి దొరికితే ఎవడు తెచ్చాడంటారు?"

"అమ్మని చూడు ముందు. ఎవరేమంటారో తరవాత చూద్దాం."

ఆవిడ కళ్లు తెరవకుండానే, "ఏవండీ, వాణ్ణి తిట్టకండి. ఇవాళ మీ అమ్మగారు కల్లోకొచ్చారు, నన్నేమీ అనలేదు కూడా," అంది. ఇంత నొప్పిలోనూ అత్తగారి మీద విసురు మానలేదు. బాబాయికి నవ్వు రాలేదు. అతని కళ్ల ముందు ఆ టిఫిన్ డబ్బా మూత మెదిలింది.

మర్నాడు పొద్దున్నే స్టేషనుకు వెళ్లి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు. అతని లెక్క అతనికి ఉంది. తనంతట తనే చెబితే తను దొంగ కాడని తేలుతుంది. పొట్లం చిన్నది. కుర్రాడికి నాలుగు చీవాట్లు పెట్టి, భయం చెప్పి పంపేస్తారు. బట్టీ దగ్గర చిన్న తప్పుకి అధికారులు చేసేది అదే.

"అయ్యా, మా ఇంట్లో గంజాయి ఉంది. మీ మూటల్లోది కాదు, కావాలంటే చూసుకోండి. మావాడు తెచ్చాడు."

ఇన్‌స్పెక్టరు అతని వంక వింతగా చూశాడు. "నువ్వే వచ్చి చెబుతున్నావా? కన్నకొడుకు మీద?"

"నామీద మాట రాకూడదని, అయ్యా."

కొడుకును లిఫ్టు పని మీద ఉన్నచోటి నుంచే తీసుకెళ్లారు. చీవాట్లతో పోలేదు. వాడుకోవడానికి తెచ్చుకుంటే శిక్ష తక్కువ, అమ్మడానికైతే ఎక్కువ. అమ్మడానికి దాచాడని రాశారు. అమ్మ కోసమని వాడు మొత్తుకున్నాడు. కోర్టులో వాడి లాయరు బాబాయిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీ అబ్బాయి అది ఎవరి కోసం తెచ్చాడో మీకు తెలుసా?"

తెలుసంటే, గంజాయితో నొప్పి తగ్గుతుందని వాడికెలా తెలిసిందని అడుగుతారు. అప్పుడు ఆ రోజు పొగ సంగతి తవ్వుతారు. పొగ వెనక బెల్టు, బెల్టు వెనక అధికారులతో చెప్పిన అబద్ధం. ఇవన్నీ బాబాయి బుర్రలో గిర్రున తిరిగాయి.

"తెలియదండి," అన్నాడు.

కొడుకు అతనివైపు చూడటం అదే ఆఖరు. జైలుకు వెళితే కలవనని కబురు పంపేవాడు.

ఊరు మాత్రం బాబాయిని నెత్తిన పెట్టుకుంది. మత్తు మీద పోరాటమని సభ పెట్టి, మెళ్లో దండ వేసి, కన్నకొడుకునైనా ఉపేక్షించని తండ్రి అని మైకులో పొగిడారు. సెలూను ఆయనైతే ఆ వారం అతనికి ఊరికే గడ్డం గీశాడు. "ఇలాంటివాళ్లని జైల్లో పెట్టడం కాదు బాబాయి, ఉరి తియ్యాలి," అని, గొంతు దగ్గర కత్తి ఉండగా ఆ కుర్రాడి తండ్రితోనే అన్నాడు. పాపం, అభిమానం కొద్దీ అన్నాడు.

ఇంట్లో, "అబ్బాయేడండీ?" అని అడిగేది భార్య.

"పొరుగూళ్లో పెద్ద లిఫ్టు బిగిస్తున్నారు. దానికెళ్లాడు."

వీధిలో నోళ్లున్నాయి కదా, ఎవరో చెప్పారు. సగమే చెప్పారు. "నా బిడ్డని పట్టించినవాడి చెయ్యి పడిపోను!" అని ఆవిడ శపించింది. అప్పుడు బాబాయి ఆవిడకు ముద్దలు కలిపి పెడుతున్నాడు. చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. ఆవిడ నోరు తెరిచింది, తింది. ఆవిడకు మిగతా సగం తెలుసో లేదో అతనికి ఎప్పటికీ తేలలేదు.

ఏళ్ల తరబడి జైలుశిక్ష ఖాయమయ్యాక, సాక్ష్యంగా దాచిన సరుకు కాల్చెయ్యమని కోర్టు చెప్పింది. లారీ వచ్చింది. పెద్ద మూటల మధ్య సీలు వేసిన చిన్న పొట్లం ఒకటి జారి బాబాయి బూటు మీద పడింది. పైన కట్టిన చీటీ మీద ఇంటి నంబరు ఉంది. అది అతని ఇంటిదే.

ఆ రోజు ఫ్యాను బాగానే తిరుగుతోంది. అయినా గోడ అవతల మూలుగు వినిపిస్తోంది. మూలుగు కాదది, ఆ నెలల్లో కేకే. మాత్రలు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఒకటే అయిపోయింది. పొట్లం గుప్పిట్లో ఇమిడేంత. గోడ పొట్టిది, ఇవతలి నుంచి విసిరితే పెరట్లో పడుతుంది. కానిస్టేబులు అటు తిరిగి ఫోనులో ఎవరితోనో పెళ్లి సంబంధం మాట్లాడుతున్నాడు.

బాబాయి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు. తలుపు తెరిచి మంటలో వేశాడు. సలాకితో నడిమధ్యకు తోశాడు. తరవాత స్నానం చేసి, చేతులు చాచి నిలబడ్డాడు. కానిస్టేబులు గోళ్లు చూసి, "నిన్ను చూడక్కర్లేదు బాబాయి, అయినా రూలు," అన్నాడు.

వానలు పడకముందే ఆవిడ పోయింది. కొడుకును కాపలా పోలీసులతో తీసుకొచ్చి, ముఖం చూపించి తీసుకెళ్లారు. వాడు తండ్రిని దాటుకుని నడిచాడు, ఖాళీ కుర్చీని దాటినట్టు.

కాలం గడిచింది. బాబాయి రిటైరయ్యాడు. ఊరి అభిప్రాయం ఎప్పుడు పక్కకు తిరిగిందో ఎవరూ చెప్పలేరు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకున్నట్టు తెరుచుకుంది. టీవీలో ఎవరో పెద్ద డాక్టరు మాట్లాడాడు, బ్యాంకు మేనేజరు కూతురు పొట్లంతో దొరికింది. అప్పట్నుంచి నేరం కాస్తా అలవాటైంది, అలవాటు కాస్తా జబ్బయింది, జబ్బు అనేసరికి జాలి మొదలైంది. చట్టం మార్చాలా వద్దా, కొద్దిగా దగ్గర పెట్టుకున్నవాణ్ణి జైల్లో వెయ్యడం న్యాయమా అని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ఊరూరా తిరిగి జనం మాట వింటోంది.

"ఎంతైనా మొక్కే కదా బాబాయి," అన్నాడు సెలూను ఆయన నురగ పట్టిస్తూ. "మొక్కకి జైలేంటి? సారా కొట్టు నా షాపు పక్కనే ఉంది, రోజూ ఒకడు కాలవలో పడతాడు. దానికి లైసెన్సు, దీనికి సంకెళ్లా?"

"ఉరి తియ్యాలన్నావు కదా."

"నేనా? ఛ! నేనెప్పుడన్నాను?"

"ఈ కుర్చీలోనే. ఈ కత్తితోనే."

సెలూను ఆయన కత్తి గాల్లో ఆపి, అద్దంలోంచి అతన్ని చూశాడు. "అనుంటే అనుంటాను. అప్పుడు అందరూ అన్నారు. కానీ నేను నోటితో అన్నాను బాబాయి. నువ్వు చేశావు."

దండ వేసిన ఊరే ఇప్పుడు అతను వస్తుంటే బెంచీ మీద చోటు లేనట్టు కాళ్లు చాపుకుంటోంది.

అలాంటప్పుడు లాయరమ్మ వచ్చింది. చట్టం మార్చాలనేవాళ్ల పక్షాన తిరుగుతున్న మనిషి. ఇంకా జైల్లోనే ఉన్న అతని కొడుకుతో మాట్లాడింది.

"బాబాయిగారూ, మీవాడి కేసును కమిటీ ముందు పెడుతున్నాను. అమ్మ కోసం తెచ్చాడని తేలితే తిరిగి విచారించమని సిఫారసు చేస్తామన్నారు. అది తెలిసిన మనిషి మీరొక్కరే మిగిలారు."

"వాడు ఏమన్నాడమ్మా?"

"మిమ్మల్ని ఒక్క మాట అడగమన్నాడు. అమ్మ కోసమేనని చెబితే చాలన్నాడు. మీరొచ్చి చెబితే, ఈసారి జైలుకొస్తే కలుస్తానన్నాడు."

బాబాయి చాలాసేపు గోళ్లు చూసుకున్నాడు. "బెల్టు సంగతి కూడా చెప్పాడా?"

"అన్నీ చెప్పాడు. అయినా ఇప్పుడు మీకేం భయం? రిటైరయ్యారు. ఉద్యోగం ఎవరూ పీకలేరు."

నిజమే, ఆ భయం ఎప్పుడో పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. లాయరమ్మ వెళ్లాక బాబాయి ఖాళీ మంచం పక్కన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడకు నిద్ర పట్టింది పొగవల్ల కాదంటే, కొడుకు తెచ్చింది ఉత్త గడ్డి. తను కాల్చింది కూడా ఉత్త గడ్డే. పొగవల్లే నిద్రపోయిందని ఒప్పుకుంటే మాత్రం ఆ పొట్లం మళ్లీ అరచేతిలోకి వచ్చి పడుతుంది. గోడ మళ్లీ పొట్టిదవుతుంది.

టౌనుహాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద కమిటీ, మధ్యలో అధ్యక్షురాలు, ముందు నీళ్ల సీసాలు. చట్టం మార్చకూడదనేవాళ్ల తరఫున రిటైరైన హెడ్మాస్టరు మాట్లాడాడు. తలుపు కాస్త తీస్తే ఇల్లంతా దోచుకుపోతారన్నాడు. లాయరమ్మ లేచి, జైళ్లు నిండింది అమ్మేవాళ్లతో కాదు, దొరికినవాళ్లతో అంది. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక తల్లి లేచింది.

"చప్పట్లు ఆపండి," అంది. "నా కొడుకు స్కూలు దాటకముందే మొదలుపెట్టాడు. ఇప్పుడు అద్దంలో వాడితో వాడే కొట్లాడుతున్నాడు. అద్దాలన్నీ తీసేశాను. మీరు చట్టం మార్చుకుంటే మార్చుకోండి, ఉంచుకుంటే ఉంచుకోండి. ఏం చేస్తే నా బిడ్డ నన్ను గుర్తుపడతాడో అది చెప్పండి."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుని, తరవాతి పేరు పిలిచింది. బాబాయి మెట్లెక్కాడు. జనంలో గుసగుస లేచింది. ముందు వరసలో సెలూను ఆయన మెడ సాగదీశాడు.

అధ్యక్షురాలు లాయరమ్మ రాసిచ్చిన కథంతా అతనికి చదివి వినిపించింది. బెల్టు, పొగ, భార్య నిద్ర, మంచం కింద డబ్బా, స్టేషను, కోర్టు. పొట్లం కాల్చడం అందులో లేదు. అది ఎవరికీ తెలియదు.

"ఇది నిజమేనా పెద్దాయనా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. ఆ రోజు ఫ్యాను ఆగిందా?"

"ఆగలేదండి."

లాయరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "బాబాయిగారూ!"

"పొగ వీధిలోకి రాలేదా?"

"మా బట్టీలోంచి ఎప్పుడూ పొగ రాదండి. వేడే వస్తుంది."

"మీ భార్య ఆ మధ్యాహ్నం నిద్రపోలేదా?"

బాబాయి రెండు చేతులూ ముందుకు చాచి, గోళ్లు కనపడేలా బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడగలేదు, అలవాటంతే.

"ఆవిడ ఎప్పుడూ నిద్రపోలేదండి. ఒక్క రోజు కూడా. దేనివల్లా పోలేదు."

"మరి మీ అబ్బాయి అది తెచ్చింది అమ్మ కోసం కాదా?"

"తెలియదండి. కోర్టులో చెప్పాను."

"మీ వీధివాళ్లు ఇంకా ఏదేదో చెబుతున్నారు." ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, అతన్ని తేలికపరచాలని కాబోలు, కాస్త నవ్వింది. "కాకులు కూడా వెనక్కి ఎగిరాయట."

"అంతా కట్టుకథమ్మా," అన్నాడు బట్టీ బాబాయి. "కాకులు ఎప్పుడూ ముందుకే ఎగురుతాయి."